వర్ట్‌ఐఓ డ్రైవరుకూ పరికరానికీ మధ్య ఒడంబడిక: 11 రాస్తే 3 ఎందుకు కనబడుతోంది?

కావలి_విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక చిన్న కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం, రాసుకుని, దానిని క్యూఎమ్యూలో, అంటే కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాములో, నడిపిస్తూ, వర్చువల్ పరికరాల కోసం ఉన్న వర్ట్‌ఐఓ ప్రమాణాన్ని అనుసరించే బ్లాక్ పరికరానికి, అంటే వర్చువల్ డిస్కుకు, సొంతంగా డ్రైవరు రాస్తున్నాను. నిర్దేశ పత్రంలో చెప్పిన వరుసనే పాటించాను. ముందుగా స్థితి రిజిస్టరులో 0 రాసి పరికరాన్ని రీసెట్ చేశాను. తరువాత 1 రాశాను, ఆ తరువాత 3 రాశాను. పరికరం తన సౌకర్యాలను తెలుపుతూ చూపిన ఫీచర్ బిట్లను చదివి, వాటిలో నాకు అవసరమైనదాన్ని మాత్రమే తిరిగి రాసి, స్థితి రిజిస్టరులో 11 రాశాను. వెంటనే అదే రిజిస్టరును చదివితే 11 రావలసింది పోయి 3 వస్తోంది. రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను. నేను రాసిన విలువ ఎక్కడికి పోయిందో దయచేసి ఎవరైనా చెప్పగలరా?

పెన్నాగట్టు

తమ్ముడూ, మీ విలువ ఎక్కడికీ పోలేదు. పరికరం దానిని చూసి, ఆలోచించి, కాదన్నది. స్థితి రిజిస్టరును మామూలు మెమరీలాగా భావించకూడదు, ఎందుకంటే అందులో డ్రైవరు రాసేది ఒక ప్రకటన అయితే, తిరిగి చదివినప్పుడు వచ్చేది ఆ ప్రకటనకు పరికరం ఇచ్చే జవాబు.

అందులోని బిట్ల విలువలు ఇవి: 1 అంటే అక్‌నాలెడ్జ్, అంటే గెస్టు, అనగా వర్చువల్ యంత్రం లోపల నడిచే వ్యవస్థ, ఈ పరికరాన్ని చూసిందని. 2 అంటే డ్రైవర్, అంటే దీనిని నడపగల డ్రైవరు దొరికిందని. 8 అంటే ఫీచర్స్ ఓకే, 4 అంటే డ్రైవర్ ఓకే. వరుసలో 8 ముందు వచ్చి 4 తరువాత రావడం చూసి తికమకపడకండి. ఫీచర్స్ ఓకే అనే మెట్టు తరువాతి కాలంలో చేర్చినది కాబట్టి దానికి మిగిలిన అంకె దక్కింది. మీరు 1, 2, 8 కలిపి 11 రాశారు. పరికరం 8ని మాత్రం నిలబెట్టలేదు, అందుకే 3 మిగిలింది. మీరు ఒప్పుకున్న ఫీచర్ల జాబితా దానికి సమ్మతం కాలేదని దీని అర్థం. క్యూఎమ్యూకు మీరు ఇచ్చిన ఆదేశ పంక్తిలో డిస్కుకు సంబంధించిన భాగాన్నీ, ఏయే బిట్లు ఒప్పుకున్నారో ఆ వివరాన్నీ ఇక్కడ పెట్టండి.

కావలి_విద్యార్థి

ధన్యవాదాలు అక్కా. ఆదేశ పంక్తి మా సీనియర్ ఒకరు ఇచ్చినది. అందులో డిస్కు పరికరానికి లెగసీ, అంటే పాత తరం వర్ట్‌ఐఓ పద్ధతి, వద్దు అనే ఐచ్ఛికమూ, ఐఓఎంఎంయూ ప్లాట్‌ఫామ్ ఆన్ అనే ఐచ్ఛికమూ ఉన్నాయి. రెండవది దేనికో నాకు తెలియదు కాబట్టి దాని జోలికి పోలేదు. పరికరం చూపిన బిట్లలో 6, 9, 11, 28, 29, 32, 33 ఉన్నాయి, ఇంకా మరికొన్ని కూడా ఉన్నాయి. నాకు అర్థమైనది 32, అంటే వెర్షన్ 1 బిట్టు మాత్రమే. అందుకని దానిని ఒక్కదానినే ఒప్పుకుని, మిగిలిన వాటిని వదిలేశాను. అర్థం కానిదానిని ఒప్పుకోకూడదని మా పుస్తకంలో ఉన్నది.

ఒంగోలు_మాస్టారు

నాయనా, నీ పుస్తకంలో ఉన్న మాట నిజమే, దానిని వదులుకోకు. అయితే ఆ సూత్రానికి రెండవ సగం ఒకటి ఉన్నది. డ్రైవరు తనకు తెలియని బిట్టును ఒప్పుకోకూడదు. అదే విధంగా, తనకు తప్పనిసరి అయిన బిట్టును డ్రైవరు ఒప్పుకోకపోతే ముందుకు సాగనని చెప్పే హక్కు పరికరానికి కూడా ఉన్నది. నీ విషయంలో జరిగింది ఇదే, దానికి కారణం 33వ బిట్టు.

దాని పేరు యాక్సెస్ ప్లాట్‌ఫామ్. ఐఓఎంఎంయూ అంటే పరికరాలు వాడే మెమరీ చిరునామాలను మార్చి ఇచ్చే భాగం. పూర్వం దానిని ఐఓఎంఎంయూ ప్లాట్‌ఫామ్ అని పిలిచేవారు, క్యూఎమ్యూ ఐచ్ఛికంలో ఇప్పటికీ ఆ పాత పేరే మిగిలి ఉన్నది. ఆ బిట్టు ద్వారా పరికరం చెప్పేది ఏమిటంటే, గెస్టు మెమరీలోకి తాను నేరుగా భౌతిక చిరునామాలతో వెళ్లనని, మధ్యలో ప్లాట్‌ఫామ్ పెట్టిన చిరునామా మార్పిడి గానీ హద్దులు గానీ ఉండవచ్చునని. గెస్టు మెమరీని గూఢలిపిలో ఉంచే ఏఎండీ ఎస్‌ఈవీ వంటి ఏర్పాట్లలో ఇది లేకుండా పని జరగదు. డ్రైవరు దానిని ఒప్పుకోలేదంటే, అలాంటి మార్పిడి ఏదీ లేదన్న నమ్మకంతో ఒట్టి భౌతిక చిరునామాలను వరుసలో, అంటే డ్రైవరూ పరికరమూ పనులు ఇచ్చిపుచ్చుకునే క్యూలో, పెడుతుంది. ఒకరు ఒక లెక్కలో చెప్పిన చిరునామాను మరొకరు వేరొక లెక్కలో చదివితే డిస్కు మీది సమాచారం ఎవరి మెమరీలోకి వెళ్లి పడుతుందో చెప్పలేము. అందుకే ఆ బిట్టును ఒప్పుకోని డ్రైవరుతో పనిచేయకుండా ఉండే స్వేచ్ఛను నిర్దేశం పరికరానికి ఇచ్చింది. 33ను చూపి, నీవు దానిని వదిలివేస్తే, క్యూఎమ్యూ ఫీచర్స్ ఓకే బిట్టును నిలబెట్టదు.

నీకు రెండు దారులు ఉన్నాయి. ఆదేశ పంక్తి నుంచి ఆ ఐచ్ఛికాన్ని తీసివేస్తే పరికరం 33ను చూపనే చూపదు. లేదా, నీ కెర్నల్‌లో ఐఓఎంఎంయూ ఏదీ లేదు కాబట్టి, ప్లాట్‌ఫామ్ దృష్టిలోనూ భౌతిక చిరునామాయే చెల్లుతుందని నిర్ధారించుకుని 33ను ఒప్పుకోవచ్చును. మొదటిది నీ ప్రాజెక్టుకు శుభ్రమైన దారి.

సింగరాయకొండ_రైలు

మాస్టారికి నమస్కారం. నాదొక సందేహం, కొంత అభ్యంతరం కూడా. నేను కొన్నేళ్ల క్రితం ఇలాంటి డ్రైవరు ఒకటి రాసినప్పుడు ఫీచర్లు రాసి, వరుసలు సిద్ధం చేసి, నేరుగా డ్రైవర్ ఓకే పెట్టేవాడిని. ఫీచర్స్ ఓకే పెట్టడం, దానిని మళ్లీ చదివి చూడడం అనే మెట్లు నా కోడులో లేనే లేవు. అయినా అంతా పనిచేసింది. మరి ఈ మెట్టు నిజంగా అవసరమా, లేక పత్రంలో రాశారు కాబట్టి పాటించే ఆచారమా?

పెన్నాగట్టు

మీరు రాసినది లెగసీ పరికరానికి అయి ఉంటుందండి. వర్ట్‌ఐఓను రస్టీ రసెల్ మొదలుపెట్టారు. లినక్స్ 2.6.24తో 2008 మొదట్లో అది కెర్నల్‌లోకి వచ్చింది. ఆ రోజుల్లో ఫీచర్స్ ఓకే అనేదే లేదు. డ్రైవరు ఫీచర్లు రాసేది, పరికరం మౌనంగా స్వీకరించేది. వాటి కలయిక తనకు కుదరదని పరికరం చెప్పడానికి మార్గం లేదు. తరువాత ఒయాసిస్ సంస్థ ఆధ్వర్యంలో 1.0 నిర్దేశం తయారైనప్పుడు ఈ మెట్టును చేర్చారు.

ఎందుకు చేర్చారో నెట్‌వర్కు పరికరాన్ని చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ 0వ బిట్టు చెక్‌సమ్, అంటే సమాచారం చెడిపోలేదని సరిచూసే సంఖ్య, వేసే సౌకర్యం. 11వ బిట్టు, పెద్ద టీసీపీ ముక్కను డ్రైవరు పంపితే పరికరమే దానిని చిన్న ప్యాకెట్లుగా విడగొట్టే సౌకర్యం. చెక్‌సమ్‌ను ఒప్పుకోకుండా విడగొట్టడాన్ని మాత్రం ఒప్పుకుంటే ఆ కోరికకు అర్థం లేదు, ఎందుకంటే విడగొట్టిన ప్రతి ముక్కకూ పరికరమే చెక్‌సమ్ వేయాలి కదా. అదే విధంగా 22వ బిట్టు, అంటే బహుళ వరుసలు, కావాలంటే 17వ బిట్టు, అంటే నియంత్రణ వరుస, కూడా ఉండి తీరాలి. బిట్లను ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ సరిగానే ఉంటాయి, కలిపి చూసినప్పుడే తప్పు బయటపడుతుంది. ఆ తప్పును వరుసలు సిద్ధం కాకముందే, ఒక్క బఫరు కూడా చేతులు మారకముందే చెప్పగలిగే చోటు ఇదొక్కటే.

డ్రైవరు వైపున కూడా ఆ క్షణం వరకు మనసు మార్చుకునే వీలుంది. లినక్స్ నెట్‌వర్కు డ్రైవరు, పరికరం తెలిపిన ఎంటీయూ విలువను, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, ముందుగా చదివి, అది 68 కన్నా తక్కువైతే ఎంటీయూ బిట్టును తానే విరమించుకుని, ఆ తరువాతే ఫీచర్స్ ఓకే చెబుతుంది. ఇది కేవలం ఆచారం అయితే ఇంత జాగ్రత్త అవసరం ఉండేది కాదు.

ఇదే సందర్భంలో రీసెట్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 0 రాసిన వెంటనే ముందుకు వెళ్లకూడదు, తిరిగి చదివినప్పుడు 0 వచ్చేదాకా ఆగాలి. క్యూఎమ్యూలో రీసెట్ ఆ రాతతోనే పూర్తవుతుంది కాబట్టి ఆగకపోయినా తేడా తెలియదు. కానీ ఇప్పుడు వర్ట్‌ఐఓను నిజమైన కార్డుల మీద కూడా అమలు చేస్తున్నారు, అక్కడ లోపలి పనులు ముగియడానికి సమయం పడుతుంది. క్యూఎమ్యూలో మాత్రమే పరీక్షించిన డ్రైవరు అలాంటి కార్డు మీద తప్పటడుగు వేయడం నేను ఉద్యోగంలో స్వయంగా చూశాను, కారణం కనుక్కోవడానికి మా జట్టుకు వారం పట్టింది.

సింగరాయకొండ_రైలు

అర్థమైందండి. నాది లెగసీ డ్రైవరే. అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

కావలి_విద్యార్థి

మాస్టారూ, ఆ ఐచ్ఛికాన్ని తీసివేయగానే 11 రాస్తే 11 వచ్చింది! ఆ తరువాత వరుసను సిద్ధం చేసి డ్రైవర్ ఓకే పెడితే 15 వచ్చింది. చాలా సంతోషంగా ఉంది.

అయితే ఇంకొక సమస్య వచ్చింది. పనితీరు బాగుంటుందని ఒక మిత్రుడు చెప్పగా, ఈసారి పరికరం చూపిన బిట్లన్నింటినీ అలాగే తిరిగి రాసేశాను. స్థితి 15గానే ఉంది, పరికరం ఏమీ అభ్యంతరం చెప్పలేదు. మొదటి సెక్టారు చదవమని అడిగితే ఇంటరప్టు, అంటే పని అయిందన్న పిలుపు, వచ్చింది, సమాచారం కూడా సరిగానే ఉంది. రెండవసారి అడిగితే ఇంటరప్టు రాలేదు. వరుసలో చూస్తే మాత్రం పరికరం ఆ పనిని పూర్తి చేసినట్టే కనబడుతోంది. పని చేసి కూడా చెప్పకుండా ఎందుకు ఊరుకుంటోంది?

ఒంగోలు_మాస్టారు

నాయనా, పరికరం నీతో చేసుకున్న ఒప్పందాన్ని అక్షరాలా పాటిస్తున్నది. పాటించనిది నీవు.

29వ బిట్టు పేరు ఈవెంట్ ఇండెక్స్. అది లేనప్పుడు ఇంటరప్టు కావాలా వద్దా అన్నది వరుసలోని ఒక జెండా నిర్ణయిస్తుంది. అది ఉన్నప్పుడు ఆ జెండాను పరికరం పట్టించుకోదు. దానికి బదులుగా, నీవు అందించిన వరుస చివర ఒక చిన్న గది ఉంటుంది. ఫలానా సంఖ్య గల పని పూర్తయినప్పుడు నన్ను పిలువు అని డ్రైవరు ఆ గదిలో రాసి ఉంచాలి. ఆ గదిని నీవు ఎన్నడూ ముట్టలేదు కాబట్టి అందులో 0 ఉన్నది. అంటే 0వ పని పూర్తయినప్పుడు పిలవమని చెప్పినట్టు. పరికరం ఆ పని ముగియగానే పిలిచింది. 1వ పనికి పిలవమని నీవు అడగలేదు, అది పిలవలేదు. 16 బిట్ల లెక్క ఒక చుట్టు తిరిగి మళ్లీ 0కి వచ్చేదాకా అది పిలవదు.

ఇక్కడ గమనించవలసినది, స్థితి 15గా ఉన్నంత మాత్రాన డ్రైవరు సరైనదని కాదు. ఒప్పందంలో నీవు ఒప్పుకున్నవి పరికరానికి ఆమోదమేనని మాత్రమే ఫీచర్స్ ఓకే చెబుతుంది. వాటిని నెరవేర్చే శక్తి నీ డ్రైవరుకు ఉన్నదో లేదో పరికరానికి ఎలా తెలుస్తుంది?

చీమకుర్తి_కాటా

ఈ చర్చను చదువుతున్నాను. నేను డ్రైవర్లు రాసేవాడిని కాను. చీమకుర్తిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో లెక్కల విభాగంతో పాటు కంప్యూటర్లు కూడా చూసుకుంటాను. లారీ కాటా బిల్లుల ప్రోగ్రాము చాలా పాత లినక్స్ మీద ఉంది. ఆ యంత్రం చెడిపోయే స్థితికి వచ్చినప్పుడు, దానిని ఉన్నది ఉన్నట్టుగా ఒక వర్చువల్ యంత్రంలోకి మార్చాము. పక్కనే అదే హోస్టులో, అంటే వాటిని నడిపే అసలు యంత్రంలో, అదే హార్డ్ డిస్కు మీద, కొత్త లినక్స్ ఉన్న మరో వర్చువల్ యంత్రం ఉన్నది. రెండింటికీ డిస్కు అమరికలు ఒక్కటే, కాషె రైట్‌బ్యాక్, అంటే రాతలను ముందు మెమరీలో ఉంచే పద్ధతి, అని పెట్టాము. కొత్త దానిలో బిల్లు వెంటనే భద్రమవుతుంది. పాత దానిలో ప్రతి బిల్లుకూ ఎదురు చూడాలి, లారీలు గేటు దగ్గర వరుసగా ఆగిపోతున్నాయి. మీరు చెబుతున్న ఈ ఒడంబడికకూ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?

ఒంగోలు_మాస్టారు

మంచి ప్రశ్న వేశారు. సంబంధం చాలా దగ్గరిది.

బ్లాక్ పరికరంలో 9వ బిట్టు ఫ్లష్. దానిని ఒప్పుకున్న డ్రైవరు, డిస్కు ముందు తాత్కాలిక నిల్వ ఒకటి ఉన్నదని తనకు తెలుసుననీ, సమాచారం శాశ్వతంగా నిలవాలనుకున్నప్పుడు తానే ఫ్లష్ ఆదేశం పంపుతాననీ మాట ఇస్తున్నట్టు. అప్పుడు పరికరం ప్రతి రాతనూ హోస్టు మెమరీలోకి తీసుకోగానే పూర్తయిందని చెప్పేస్తుంది, అందుకే వేగం. డ్రైవరు ఆ బిట్టును ఒప్పుకోలేదంటే దానికి ఫ్లష్ పంపడం తెలియదన్నమాట. అటువంటి డ్రైవరుకు పూర్తయిందని చెప్పిన రాత నిజంగా డిస్కు చేరి ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు బిల్లులు పోతాయి. అందుకే క్యూఎమ్యూ, డ్రైవర్ ఓకే వచ్చిన క్షణంలో 9వ బిట్టును చూస్తుంది. గెస్టు దానిని ఒప్పుకుని ఉంటే రైట్‌బ్యాక్‌ను కొనసాగిస్తుంది. ఒప్పుకోకపోతే, మీరు రైట్‌బ్యాక్ అని పెట్టినా సరే, ప్రతి రాతనూ డిస్కుదాకా తీసుకువెళ్లే పద్ధతికి మారుతుంది. 11వ బిట్టు, అంటే కాన్ఫిగ్ డబ్ల్యూసీఈ, కూడా ఈ కుటుంబానికే చెందినది. దానిని ఒప్పుకున్న గెస్టు ఆ పద్ధతిని తానే ఎంచుకుంటుంది.

లినక్స్ వర్ట్‌ఐఓ బ్లాక్ డ్రైవరులోకి ఫ్లష్ 2.6.32 నాటికి వచ్చింది. మీ పాత గెస్టు అంతకు ముందుదై ఉంటుందని నా అనుమానం. కొత్త గెస్టులో సిస్‌ఎఫ్‌ఎస్, అంటే కెర్నల్ తన వివరాలను దస్త్రాలుగా చూపే చోటు, కింద ఆ వర్ట్‌ఐఓ పరికరానికి ఫీచర్స్ అనే దస్త్రం ఉంటుంది, అందులో సున్నాలూ ఒకట్లూ వరుసగా ఉంటాయి. ఎడమవైపు మొదటి అంకె 0వ బిట్టు కాబట్టి, పదవ అంకె మీకు కావలసినది. పాత గెస్టులో ఆ దస్త్రమే లేకపోవచ్చును. అప్పుడు క్యూఎమ్యూ కొత్త కూర్పులలో, మానిటరు అనే ఆదేశాల కన్సోలు నుంచి వర్ట్‌ఐఓ స్థితిని చూపించే ఆదేశంతో గెస్టు ఒప్పుకున్న ఫీచర్లను హోస్టు వైపు నుంచే చూడవచ్చును.

చీమకుర్తి_కాటా

చూశానండి. కొత్త దానిలో పదవ అంకె 1. పాత దానిని మానిటరు నుంచి చూస్తే, హోస్టు చూపిన ఫీచర్లలో ఫ్లష్ ఉంది, గెస్టు ఒప్పుకున్న వాటిలో లేదు. మీరు చెప్పినట్టే ఉన్నది.

ఒకాయన కాషెను అన్‌సేఫ్ అని మార్చితే వేగం వస్తుందని అంటున్నారు. చేయవచ్చునా?

పెన్నాగట్టు

దయచేసి ఆ పని చేయకండి. ఆ అమరికలో ఫ్లష్‌ను క్యూఎమ్యూ అసలు పట్టించుకోదు, గెస్టు పంపినా పంపకపోయినా ఒకటే. చీమకుర్తిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు తెలుసు. పరికరం ఇప్పుడు నిదానంగా ఉండడం లోపం కాదు, మీ పాత డ్రైవరు ఇవ్వలేని హామీని అది తన భుజాన మోస్తోంది. బిల్లుల ప్రోగ్రామును కొత్త లినక్స్ మీదికి మార్చగలిగితే అది అసలైన పరిష్కారం. అది ఆలస్యమైతే, ఆ ఒక్క యంత్రం డిస్కును ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి. ప్రతి రాతా డిస్కుదాకా వెళ్లినా, నిరీక్షణ చాలావరకు తగ్గుతుంది.

టంగుటూరు_తమలపాకు

చర్చ బాగుంది. మాట గురించి ఒక సూచన. ఇలా ఫీచర్లను ఒప్పుకోవడాన్ని ఇంగ్లీషులో నెగోషియేషన్ అంటారు, దానిని చాలామంది తెలుగులో బేరం అని రాస్తున్నారు, అది సరిపోదనిపిస్తోంది. మా చిన్నప్పుడు సంతలో ఒంగోలు గిత్తల బేరం తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని సాగేది. ఒకరు ఒక వేలు నొక్కితే మరొకరు రెండు నొక్కేవారు, విడత మీద విడత నడిచేది, పక్కవారికి ఏమీ తెలిసేది కాదు. ఇక్కడ విడతలు లేవు. పరికరం తన దగ్గర ఉన్నదంతా ఒకసారి బహిరంగంగా చూపుతుంది, డ్రైవరు అందులో కొన్ని ఎంచుకుంటుంది, పరికరం అవునో కాదో చెబుతుంది, అంతే. ఈ చర్చ శీర్షికలో వాడిన ఒడంబడిక అనే మాట నాకు నచ్చింది.

నెల్లూరు_సర్వర్‌గది

ఒడంబడిక అనే మాటకు నా అనుభవం కూడా బలం ఇస్తుంది. మా దగ్గర రెండు హోస్టులు ఉన్నాయి. నడుస్తున్న గెస్టును ఒకదాని నుంచి మరొకదానికి తరలించబోతే, ఫలానా ఫీచర్లకు మద్దతు లేదు, అనుమతి ఉన్నవి ఇవి అన్న సందేశంతో రెండవ హోస్టు నిరాకరించింది. రెండు హోస్టులలో క్యూఎమ్యూ కూర్పులు వేరు, మెషీన్ రకాన్ని, అంటే క్యూఎమ్యూ అనుకరించే కంప్యూటరు నమూనాను, కూడా మేము స్పష్టంగా పేర్కొనలేదు. గెస్టును ఆపకుండానే ఆ ఒక్క ఫీచరును వెనక్కి తీసుకోమని డ్రైవరును అడిగే వీలు ఉందా?

పెన్నాగట్టు

లేదండి. ఫీచర్స్ ఓకే పెట్టిన తరువాత డ్రైవరు కొత్త బిట్టును ఒప్పుకోకూడదు. స్థితి రిజిస్టరులో ఒకసారి పెట్టిన బిట్టును విడిగా తుడిచివేయకూడదు. ఒప్పందం మారాలంటే రీసెట్ ఒక్కటే దారి. అందుచేత గెస్టును ఒకసారి పూర్తిగా ఆపి, రెండు హోస్టులకూ తెలిసిన ఒకే మెషీన్ రకాన్ని కూర్పు సంఖ్యతో సహా పేర్కొని, మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు రెండు చోట్లా పరికరం చూపేది ఒక్కటే అవుతుంది, ఆ తరువాత తరలింపులు సాఫీగా సాగుతాయి. వీహోస్ట్, అంటే వర్ట్‌ఐఓ పనిని హోస్టు కెర్నల్‌కే అప్పగించే పద్ధతి, వాడుతున్నట్టయితే హోస్టు కెర్నల్ కూర్పులను కూడా చూసుకోండి, ఎందుకంటే ఆ కెర్నల్ ఇవ్వలేని ఫీచర్లను క్యూఎమ్యూ జాబితా నుంచి తీసివేస్తుంది.

కావలి_విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. చీమకుర్తి అన్నగారి సమస్య చదివాక నా డ్రైవరును చూసుకుని భయం వేసింది. అన్ని బిట్లనూ ఒప్పుకున్నప్పుడు 9, 11 కూడా అందులో ఉన్నాయి, కానీ నా కోడులో ఫ్లష్ పంపే చోటు ఒక్కటి కూడా లేదు. అంటే పంపుతానని మాట ఇచ్చి పంపకుండా ఉన్నాను. కరెంటు పోయి ఉంటే నా ఫైల్ సిస్టమ్‌కు ఏమయ్యేదో ఊహించగలను.

ఇప్పుడు డ్రైవరులో నేను నిజంగా అమలు చేసిన బిట్ల జాబితా ఒకటి పెట్టుకున్నాను. పరికరం చూపినవాటిలో ఆ జాబితాలో ఉన్నవాటినే ఒప్పుకుంటున్నాను. ప్రస్తుతానికి అందులో 32 ఒక్కటే ఉన్నది. ఫీచర్స్ ఓకే నిలబడకపోతే 128, అంటే ఫెయిల్డ్ బిట్టును, పాత బిట్లకు కలిపి రాసి, పరికరం చూపినవీ నేను ఒప్పుకున్నవీ తెర మీద ముద్రించి ఆగిపోతుంది. రెండవ, మూడవ, వందవ చదువుకు కూడా ఇంటరప్టులు వస్తున్నాయి. రాతలు కాస్త నిదానంగా ఉన్నాయి, కారణం తెలుసు కాబట్టి బాధ లేదు. వచ్చే వారం ఫ్లష్ ఆదేశాన్ని రాస్తాను, అది పనిచేసిన తరువాతే 9ని జాబితాలో చేరుస్తాను.

ఒంగోలు_మాస్టారు

ఫ్లష్ రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకో నాయనా. పరికరం నుంచి పూర్తయిందని జవాబు వచ్చిన రాతలకే ఫ్లష్ హామీ వర్తిస్తుంది. ఇంకా వరుసలో నడుస్తున్న రాతలకు వర్తించదు. కాబట్టి ముందు వాటి జవాబుల కోసం ఆగి, ఆ తరువాతే ఫ్లష్ పంపు. ఆ కోడు ఇక్కడ పెడితే చూస్తాను.